సున్నపురాయి చరియ మీద ఊట తగ్గితే: ఒక చిన్న మొక్కల రక్షిత స్థలం కేస్ స్టడీ

ఇది ఉత్తర తెలంగాణలో గోదావరి ఉపనది ఒకదాని ఒడ్డున, సున్నపురాయి చరియ మీద పెరిగే అరుదైన మొక్కల కోసం కేటాయించిన చిన్న స్థలం కథ. ఊరు, మండలం, నది, మనుషుల వివరాలు తీసేశాం. ఇక్కడి గడ్డజాతి తీగ పూర్తి పేరు కూడా కావాలనే రాయడం లేదు. అరుదైన గడ్డ ఫలానా చోట ఉందని అచ్చులో వస్తే, మరుసటి వానాకాలానికి అక్కడ గుంటలే మిగులుతాయి.

ఈ కేసును రాసిపెట్టడానికి కారణం ఉంది. ఇక్కడ విఫలమైన ప్రతి పనీ మామూలు అడవిలో అయితే సరైన పనే. కంచె వేయడం, లంటానా అనే పరాయి పొదను కొట్టడం, నర్సరీలో మొక్కలు పెంచి నాటడం ఎవరూ తప్పు పట్టలేని పనులు. కానీ నిట్టనిలువు రాతి గోడ మీద మొక్క బతుకు ఆ గోడ మీద తేలేది కాదు. దాని నీళ్లు గోడ వెనక నుంచి వస్తాయి, దాని మంట గోడ పైనున్న గడ్డిలో పుడుతుంది.

నేపథ్యం

చరియ పొడవు నాలుగు వందల మీటర్ల లోపు, ఎత్తు పది పన్నెండు మీటర్లు. ముఖం ఉత్తరానికి. భూగర్భ శాస్త్రంలో పెన్‌గంగ వర్గం అని పిలిచే చాలా పాత సున్నపురాయి. బూడిద రంగు, అక్కడక్కడ గులాబీ, ఊదా చాయలు, పలకల మీద పలకలు పేర్చినట్టు పలచని పొరలు. ఉత్తర తెలంగాణలో మంచిర్యాల, దేవాపూర్, బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది సున్నపురాయి కోసమే కాబట్టి, ఈ రాయి అంటే జనానికి ముందు గుర్తొచ్చేది క్వారీ. చరియ పైన రెండు మూడు అడుగుల నల్లరేగడి. దాని మీద వానాకాలం పత్తి, సోయా, కంది. బోరు ఉన్నచోట యాసంగిలో మక్క.

ఈ చరియ మీద రెండు వేరు వేరు లోకాలున్నాయి. కింది సగంలో, పొరల మధ్య నుంచి నీళ్లు ఊరే చోట, ఫెర్నుల తెర. నల్లటి సన్నని కాడలతో వేలాడే అడియాంటం, దాని పక్కన టెరిస్ విట్టాటా, కింద నాచు. అడియాంటం ప్రపంచంలో అరుదైనదేమీ కాదు. అయితే చుట్టుపక్కల మండలాల్లో ఏడాదంతా తడిగా ఉండే సున్నపు గోడ ఇదొక్కటే కాబట్టి, ఇక్కడ పోతే ఈ ప్రాంతంలో పోయినట్టే. పై అంచులోనూ పొడి అరుగుల మీదా ఉన్నది పూర్తిగా వేరే సంసారం: మయూరశిఖ, కుందేటి కొమ్ములు, బొమ్మజెముడు, రాతి సందుల్లో తబ్సి చెట్లు, ఒకటి రెండు చోట్ల నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి. వీటి మధ్యనే సెరోపీజియా జాతికి చెందిన ఆ తీగ. వానలకు గడ్డ నుంచి మొలుస్తుంది, ఆగస్టు, సెప్టెంబరులో లాంతరు ఆకారంలో పూస్తుంది, కార్తీకం నాటికి పైభాగం ఎండిపోయి మళ్లీ గడ్డలోకి పోతుంది.

భూమి గ్రామ పంచాయతీ పరిధిలోని పోరంబోకు. 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ కింద ఏర్పడిన జీవవైవిధ్య యాజమాన్య కమిటీ దీన్ని చూసుకుంటుంది. 37వ సెక్షన్ కింద వారసత్వ స్థలంగా ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ గుర్తింపు వచ్చింది. ఇక్కడ అంతదూరం పోలేదు. ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు, పంచాయతీ తీర్మానం, ఈ రెండే ఆధారం. ఆ మాత్రానికే క్వారీ లీజు ప్రస్తావన వచ్చినప్పుడు అభ్యంతరం చెప్పడానికి కాగితం చేతిలో ఉంది.

వచ్చిన సమస్య

ఫిర్యాదు రెండు ముక్కల్లో వచ్చింది. ఏప్రిల్ నాటికి ఫెర్నుల తెర గోధుమ రంగుకు తిరిగి రాలిపోతోంది, మునుపు మే చివరి దాకా పచ్చగా ఉండేది. సెరోపీజియా తీగలు పై అంచులో ఏటికేడు తగ్గుతున్నాయి, పూసినా కాయ పట్టడం లేదు.

మొదటి అనుమానం మందల మీదికి పోయింది. దానికి కారణం లేకపోలేదు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. ఊళ్లో మందలు పెరిగాయి. పొలాలన్నీ పత్తి, సోయాలతో నిండి ఉన్నప్పుడు మేతకు మిగిలేది గుట్ట, నది దరి. మేకలు అరుగుల మీదికి ఎక్కి తీగల చివర్లు కొరుకుతుండటం కళ్లకు కనిపించేదే. కళ్లకు కనిపించే కారణం దొరికితే కనిపించని కారణం వెతకడం ఆగిపోతుంది. ఈ కేసులో రెండు కాలాలు అలాగే గడిచాయి.

కంచె

పై అంచు పొడవునా రాతి కడీలు పాతి ఐదు వరసల ముళ్ల తీగ కట్టారు. కడీల కోసం గడ్డపారతో రెండడుగుల గుంటలు తవ్వేటప్పుడు మొదటి నష్టం జరిగింది. పలచటి పొరల సున్నపురాయిలో నిలువు పగుళ్లు అంచుకు సమాంతరంగా ఉంటాయి. అంచుకు దగ్గరగా గడ్డపార దెబ్బ పడితే, పగులు వెడల్పై, తర్వాతి వానలో ఆ పలక మొత్తం మొక్కలతో సహా జారుతుంది. ఇలాంటి చోట కడీ అంచుకు కనీసం ఐదు మీటర్లు వెనక ఉండాలి. పగులు అంతకంటే లోపల కనిపిస్తే ఇంకా వెనక్కి జరగాలి.

కంచె పనిచేసింది, మేత పూర్తిగా ఆగింది. మొదటి వానాకాలం తీగలు బాగా కనిపించాయి. రెండో వానాకాలానికి గడ్డి నడుమెత్తు పెరిగి తీగలను కప్పేసింది. గడ్డి మధ్యలో మహావీర అనే కలుపు మొక్క, అంచున లంటానా. మార్చిలో పక్క గుట్ట నుంచి నిప్పు వచ్చింది. ఇప్పపూలు ఏరేవాళ్లు చెట్టు కింద ఆకులు కాలుస్తారు, తునికాకు కొత్త చిగుళ్ల కోసమూ నిప్పు పెడతారు. ఈ ప్రాంతంలో ఇది ప్రతి ఏటా ఉండేదే. మేసిన గడ్డి మీద ఆ నిప్పు చీలమండ ఎత్తున పాకి ఆరిపోతుంది. మేయని గడ్డి మీద నిలువెత్తు లేచి, తబ్సి చెట్ల బెరడు కాల్చి, అరుగుల మీది కుందేటి కొమ్ములను ఉడకబెట్టి పోయింది. సెరోపీజియా గడ్డలు లోతుగా ఉన్నచోట బతికాయి, రాతి మీద రెండంగుళాల మట్టిలో ఉన్నవి చచ్చాయి.

ఊరి కురుమ పెద్దాయన ఒకాయన కమిటీ మీటింగులో అన్న మాట రిజిస్టరులో ఉంది: "కంచె ఏసినంక కోసెటోడు లేకపాయె, మేపెటోడు లేకపాయె. అంటుకుంటే ఇగ ఆపుడెట్ల?" మొదటి రోజే ఆయన్ని అడిగి ఉంటే కంచె డబ్బులు మిగిలేవి.

లంటానా కొట్టివేత

నిప్పు తర్వాత లంటానా మరింత దట్టంగా చిగిర్చింది. దాంతో ఒకే వేసవిలో, కూలీలను పెట్టి, చరియ పాదంలోనూ ముఖం ముందూ ఉన్న లంటానా అంతా కొట్టించారు. పది రోజుల్లో ఫెర్నుల తెర మాడిపోయింది.

ఎందుకన్నది కాస్త ఆగి చూడాలి. ఉత్తరం చూసే గోడకు ఎండ తగలదని అందరూ అనుకుంటారు. చలికాలంలో అది నిజం. ఆదిలాబాద్ అక్షాంశంలో మే మూడో వారం ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి వచ్చి, తర్వాత దాదాపు జూలై మూడో వారం దాటేదాకా మధ్యాహ్నం వేళ ఉత్తరం వైపే ఉంటాడు. వేసవి ఉదయం, సాయంత్రం ఎండ ఎలాగూ ఉత్తరం వైపు నుంచే వస్తుంది. అంటే ఏడాదిలో అన్నిటికంటే వేడి, పొడి గాలి ఉన్న రోజుల్లోనే ఈ గోడకు నేరుగా ఎండ పడుతుంది. లంటానా పరాయి మొక్కే, శత్రువే, కానీ ఆ రోజుల్లో ఈ గోడకు ఉన్న ఒకే ఒక తెర అదే. దాన్ని ఏప్రిల్‌లో తీసేస్తే ఫెర్నుకు ఎండా, వడగాలీ ఒకేసారి తగిలాయి.

కొట్టిన పద్ధతిలోనూ లోపం ఉంది. కత్తితో నేల మట్టానికి కొట్టిన లంటానా మొదలు నుంచి పది కొమ్మలేస్తుంది. నేల మీద అయితే తల్లివేరును మట్టికి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోపల నరికి, పొదను లేపి తలకిందులుగా పెట్టాలి. చిగురేసే భాగం వేరుతో పాటు తెగిపోతుంది కాబట్టి మళ్లీ రాదు. రాతి సందులో పాతుకున్నదానికి ఈ పద్ధతి పనికిరాదు. వేరు పెకిలిస్తే రాతి పలక ఊడుతుంది. అక్కడ రాతి దగ్గరికి కోసి, వానాకాలంలో మూడు నాలుగు వారాలకోసారి చిగుళ్లను చేత్తో విరిచేస్తూ పోవడమే మార్గం. విసుగు పుట్టించే పని, కానీ రెండో ఏటికి మొదలు నీరసిస్తుంది. గడ్డి మందు ఆలోచన కమిటీలో వచ్చింది, ఒప్పుకోలేదు. ఊట గోడ మీద మందు కొడితే అది కిందికి కారేది ఫెర్ను మీదుగానే.

నర్సరీ మొక్కలు

మూడో ప్రయత్నం సెరోపీజియా పెంపకం. ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు, కోకోపీట్ సమపాళ్లలో కలిపి, పాలిథిన్ సంచుల్లో పెంచారు. మొక్కలు నర్సరీలో చూడముచ్చటగా వచ్చాయి. సెప్టెంబరు ముసురుకు సంచుల్లో సగానికి పైగా గడ్డలు కుళ్లాయి. కోకోపీట్ నీటిని పట్టి ఉంచుతుంది, రాతి పగుళ్లలో నీళ్లు నిమిషాల్లో దిగిపోయే చోట పుట్టిన గడ్డకు అది ఊపిరాడని గది. మిగిలినవాటిని అరుగుల మీద రెండు మీటర్లకొకటి చొప్పున వరసగా నాటారు. అవి మెత్తగా, పొడవుగా సాగి, గాలికి తెగాయి. నిలిచిన కొన్ని పూశాయి, కాయలు పట్టలేదు.

కాయ పట్టకపోవడానికి ఆ పువ్వు నిర్మాణంలోనే జవాబుంది. లాంతరు లోపలికి చిన్న ఈగలు దిగుతాయి. గొట్టం లోపల కిందికి వంగిన వెంట్రుకలు వాటిని పైకి రానివ్వవు. వెంట్రుకలు వాడాక ఈగ బయటికొస్తుంది, దాని మూతికి పుప్పొడి ముద్ద అంటుకుని ఉంటుంది. ఆ ఈగ ఇంకో మొక్క పువ్వులోకి దిగితేనే ఫలితం. ఇవి తేనెటీగల్లా దూరాలు పోయేవి కావు. పువ్వులు ఎడంగా, తలా ఒకటి రెండు ఉంటే ఈగ రెండో పువ్వును చేరదు.

మలుపు: ఊటను కొలవడం

ఇంతవరకూ ఎవరూ ఊటను కొలవలేదు. అందరూ ఫెర్నును చూశారు, ఫెర్ను కింద కారే నీటిని చూడలేదు.

కొలిచిన పద్ధతి చాలా చవక. ఊరే పగుళ్లలో మూడింటిని ఎంచి, ఒక్కోదాని కింద అరచేతి వెడల్పు జీఐ రేకు ముక్కను వంచి పెదవిలా దూర్చారు, చుట్టూ బంకమట్టితో మెత్తారు. సిమెంటు వాడలేదు. వాడితే ఊట దారి మారుతుంది, తీసేటప్పుడు రాయి ఊడుతుంది. రేకు కింద లీటరు సీసా పెట్టి, నిండటానికి పట్టే సమయం ఫోనులో చూసి రాశారు. వారానికొకసారి, ఒకే రోజు ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి. ప్రతి సీసా దగ్గర అంకె రాసిన పలుగురాయి పెట్టారు, కొలిచేవాళ్లు మారినా కొలిచే చోటు మారకుండా.

అసలు సంగతి ఆ పట్టికలో బయటపడింది. మామూలుగా ఇలాంటి ఊట మధ్యాహ్నం కాస్త తగ్గుతుంది, ఎందుకంటే పైనున్న చెట్లు పగలు నీళ్లు పీలుస్తాయి. రాత్రి చెట్లు ఆగాక తెల్లారేసరికి ఊట పుంజుకోవాలి. ఇక్కడ ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెల్లవారి కొలతే అన్నిటికంటే తక్కువ. రాత్రంతా నీళ్లు లాగుతున్నది చెట్టు కాదు.

చరియకు వెనక, పొలంలో ఒక బోరు ఉంది. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. ఆ మోటరుకు కరెంటు రాగానే దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్ ఉంది. యాసంగి మక్కకు రాత్రంతా నడిచేది, మడి నిండి పొర్లినా నడిచేది. పొరల సున్నపురాయిలో నీళ్లు ఇసుకలోలా మెల్లగా సర్దుకోవు. పగుళ్లు పెద్ద పైపుల్లాంటివి, ఒక చోట లాగితే ఇంకో చోట వెంటనే తెలుస్తుంది. చరియ ముఖాన్ని పరీక్షిస్తే నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో కూడా దొరికింది. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే మంచి సున్నపురాయి బుసబుస పొంగి శుభ్రంగా మిగిలింది. ఊట వరసకు సరిగ్గా కింద ఉన్న జానెడు పొర మీద పొంగు తక్కువ, పొంగినాక వేలికి బంకమన్ను అంటింది. నీటిని కిందికి పోనివ్వకుండా బయటికి తోస్తున్నది ఆ పొరే. అంటే ఈ గోడకు అందేది ఆ పొర మీద నిలిచిన కొద్దిపాటి నీళ్లే. వెనక పొలాల కింద నుంచి వచ్చేది తప్ప దానికి వేరే ఆధారం లేదు. అనుమానాన్ని నిర్ధారించకుండా రైతు దగ్గరికి పోతే గొడవే మిగులుతుంది. కాబట్టి ముందు అడిగింది ఒక్కటే: మక్కకు తడి అవసరం లేని మూడు రోజులు చూసి, మోటరు ఆపమని. ఆపారు. రెండో రోజు తెల్లవారికే సీసా నిండే సమయం తగ్గడం మొదలైంది. ఆ మూడు రోజులూ రైతును చరియ కిందికి తీసుకొచ్చి ఆయన చేతనే కొలిపించారు. ఈ కేసు మొత్తంలో అన్నిటికంటే విలువైన నిర్ణయం ఇదని నా అభిప్రాయం.

పనిచేసినవి

రైతు మొదట అన్నది న్యాయమైన మాట: "మోటరు బందు వెడితే మక్క ఎండుతది సారూ. మీ ఆకులు మల్ల మొలుస్తయి గని, నా పంట మొలుస్తదా?" కాబట్టి మోటరు పూర్తిగా ఆపమని అడగలేదు. ఆటో స్టార్టర్ తీసేయడం, పగలు మాత్రమే నడపడం, చరియకు దగ్గరి మడిలో మక్క బదులు శనగ వేయడం, ఈ మూడింటి మీద ఒప్పందం జరిగింది. నల్లరేగడిలో శనగ మిగిలిన తేమతోనే చాలావరకు వస్తుంది, ఒకటి రెండు తడులు చాలు. మిగతా మక్కకు డ్రిప్పు. పూత దశలో తడి తప్పకూడదు కాబట్టి ఆ రోజుల్లో మోటరు మీద ఏ షరతూ లేదు. ఆ మినహాయింపు లేకపోతే ఒప్పందం ఒక్క యాసంగి కూడా నిలవదు.

నీళ్లు పెంచడానికి ఊట కుంట కూడా తవ్వారు. దీన్ని అంచుకు దగ్గరగా తవ్వితే నీళ్లు త్వరగా దిగుతాయని కొందరు అన్నారు. దిగుతాయి, వాటితో పాటు రేగడి బురద కూడా. సన్నటి రేగడి పగుళ్లలో ఒకసారి చేరితే బిరడా బిగించినట్టే. అందుకే కుంటను అంచుకు యాభై మీటర్లకు పైగా వెనక తవ్వి, దానికి ముందు బురద పేరడానికి వేరే చిన్న గుంట పెట్టారు. వేసవిలో ఆ గుంట పూడిక తీసి పొలానికి తోలాలి. తీయని ఏడు కుంట ఉన్నా లేనట్టే. పొలం చివర పది మీటర్ల పట్టీలో యూరియా వేయడం మానేశారు. ఎరువు నత్రజని ఊటతో వస్తే గోడ మీద పాచి పెరిగి ఫెర్ను మొలకలను కప్పేస్తుంది.

లంటానాను ఈసారి మూడేళ్ల పనిగా విడగొట్టారు. ఏటా వానలు పడ్డాక, జూలై చివరి తర్వాత మాత్రమే కొట్టడం. ఒక ఏడు కొట్టిన జాగా పక్కన రెండింతల జాగా వదలడం. ఖాళీ అయిన చోట నులితడ, తెల్లపులికి వంటి స్థానిక పొదల గింజలు చల్లడం. ఆ పొదలు ఎదిగేదాకా మే, జూన్‌లలో గోడకు మీటరున్నర ఎడంగా వెదురు తడకలు నిలబెట్టారు. గోడకు ఆనిస్తే గాలి ఆడక నాచు కుళ్లుతుంది. షేడ్ నెట్ కూడా పనిచేస్తుంది కానీ వరదకు కొట్టుకుపోయి నదిలో ప్లాస్టిక్ అవుతుంది. తడక పోయినా నష్టం లేదు. కొండ తేనెపట్లు వేలాడుతున్న భాగంలో పట్టు లేచిపోయేదాకా కత్తి పట్టలేదు, పొగ పెట్టలేదు. ఆ ఈగలు లేస్తే తాడు మీదున్న మనిషికి తప్పించుకునే దారి ఉండదు.

ఫెర్నును నాటాల్సిన పని చాలాచోట్ల రాలేదు. దుంపకాండం పగుళ్లలో బతికే ఉంది, నీడా నీళ్లూ అందాక అదే చిగిర్చింది. పూర్తిగా పోయిన చోట మాత్రం బీజాలతో, అంటే ఫెర్నుకు గింజల బదులు ఉండే సన్నటి పొడితో పెంచారు. ఊట నీళ్లు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తాయి, బయటికొచ్చాక ఆ వాయువు పోయి సున్నం పొరగా పేరుకుంటుంది. అలా ఏర్పడి రాలిన బొరియల రాయి ముక్కలే మంచి నారుమడి. పద్ధతి ఇది: ముక్క మీద మరిగే నీళ్లు పోసి పాచి, పురుగు చంపాలి. ఆకు అంచు గోధుమ రంగుకు తిరిగిన ఫెర్ను రెమ్మను కాగితం కవరులో రెండు మూడు రోజులు ఉంచితే బీజాల పొడి రాలుతుంది. దాన్ని చల్లారిన రాయి మీద పలచగా చల్లి, కోసిన ప్లాస్టిక్ సీసా బోర్లించి, పళ్లెంలో ఊట నీళ్లే పోయాలి. ఫిల్టరు నీళ్లు వద్దు, సున్నం ఉండదు. కొన్ని వారాలకు పచ్చటి పలచని రేకులు వస్తాయి. వాటి మీద నీటి పొర లేకపోతే ఫలదీకరణ జరగదు కాబట్టి సీసా తీయడానికి తొందరపడకూడదు. చాలామంది పొడి ఎక్కువ చల్లుతారు, రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కుళ్లుతాయి. ఎదిగిన మొక్కను పీకి నాటకుండా, రాయి ముక్కతో సహా ఊట కింది సందులో బిగించాలి.

పై అంచులో కంచె తీసేయలేదు, గేట్లు పెట్టారు. మృగశిర కార్తె నుంచి తీగ ఎండేదాకా, అంటే జూన్ రెండో వారం నుంచి నవంబరు చివరిదాకా మేత బందు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గొర్రెలకూ పశువులకూ వదులుతారు, మేకలకు కాదు. గొర్రె వంగి గడ్డి మేస్తుంది, మేక తలెత్తి పొద మేస్తుంది, అరుగులెక్కుతుంది. మార్చి వచ్చేసరికి గడ్డి వేళ్ల ఎత్తుకు దిగిపోతుంది. పక్క గుట్ట వైపు మూడు మీటర్ల ఫైర్ లైన్‌ను ఫిబ్రవరి మొదటి వారంలోపు కోసి, చెత్త ఊడుస్తారు. కార్చిచ్చు వచ్చినా ఎగరడానికి దానికి అక్కడ ఏమీ దొరకదు. ఏ మంద ఏ వారం అన్నది కాపరులే నిర్ణయించుకుంటారు. కమిటీ రాసిన పట్టిక మొదటి నెలలోనే చెల్లకుండా పోయింది, వాళ్లది నడుస్తోంది.

సెరోపీజియా గింజల పని కూడా మారింది. కొమ్ముల్లా జంటగా వచ్చే కాయలు పచ్చ వదిలి గడ్డి రంగుకు తిరగ్గానే పలచటి గుడ్డ సంచి కట్టాలి. ఒక్కరోజు ఆలస్యమైతే కాయ పగిలి పట్టుకుచ్చులతో గింజలు గాలికి పోతాయి. కుచ్చు తీసి, సున్నపురాయి చిప్స్ ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, అక్కడి అరుగు మట్టి ఒక పాలు కలిపిన కుండీల్లో అరసెంటీమీటరు లోతున వేయాలి. చలికాలమంతా నీళ్లు మానేయాలి. ఆకులు ఎండితే మొక్క చచ్చిందని భయపడి నీళ్లు పోసినవాళ్ల కుండీల్లోనే గడ్డలు కుళ్లాయి. తర్వాతి తొలకరికి ఒక్కో చోట ఐదారు గడ్డలు, జానెడు ఎడంతో గుంపుగా, ముళ్ల పొద మొదట్లో పెట్టాలి. పొద తీగకు ఊతం, మేకకు అడ్డం. గుంపులుగా నాటిన రెండో వానాకాలం కాయలు పట్టాయి.

ఇంకోసారి చేస్తే

ఇలాంటి చరియ చేతికొస్తే మొదటి పన్నెండు నెలలు గోడ మీద ఏ పనీ చేయకూడదన్నది ఈ కేసు చూశాక గట్టిగా అనిపించే విషయం. ఆ ఏడాదిలో ఊట కొలతలు, ఏ నెలలో గోడకు ఏ వేళ ఎండ పడుతోందో ఫోటోలు, పైన ఎవరి మంద ఎప్పుడు మేస్తోందో, వెనక ఎన్ని బోర్లు ఎన్ని గంటలు నడుస్తున్నాయో రాసుకోవాలి. నిధులు ఇచ్చేవాళ్లకు ఇది పనిలా కనిపించదు, కంచె కనిపిస్తుంది. అందుకే ప్రతిపాదనలోనే కొలతల ఏడాదిని ఒక పనిగా, కూలి రోజులతో సహా చూపాలి.

లెక్కింపు కూడా గోడ ఎక్కి చేయకూడదు. సున్నపు పొర చేతి బరువుకే పెళ్లలుగా ఊడుతుంది. ఎదుటి ఒడ్డున నాటిన కడీ మీద ఫోను పెట్టి, ప్రతి నెలా ఒకే చోటు నుంచి ఫోటో తీస్తే ఫెర్ను తెర విస్తీర్ణం తెలుస్తుంది. సెరోపీజియాను పూత సమయంలోనే లెక్కించాలి. పువ్వు లేనప్పుడు దాని ఆకుకూ పక్క తీగల ఆకుకూ తేడా చెప్పడం అనుభవమున్నవాళ్లకే కష్టం.

నదితో మాత్రం పోరాడాల్సిన పని లేదు. 2022 జూలైలో వచ్చిన వరదల వంటివి గోడ కింది రెండు మూడు మీటర్లను తోమేసి పోతాయి. అక్కడ ఫెర్ను పోయినట్టు కనిపిస్తుంది, లంటానా కూడా పోతుంది. పగుళ్లలో మిగిలిన దుంపకాండం మరుసటి చలికాలానికి లేస్తుంది. ఆ భాగంలో నాట్లు వేయడం డబ్బు దండగ.

ఇప్పుడున్న ఒప్పందం ఒక్క రైతుతోనే. పక్క సర్వే నంబరులో కొత్త బోరు పడితే ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది. కమిటీ చేస్తున్న పని ఇది: వేసవిలో కాపరులూ నది దాటేవాళ్లూ తాగేది ఈ ఊట నీళ్లే కాబట్టి, దాన్ని పంచాయతీ రికార్డుల్లో తాగునీటి వనరుగా రాయించడం. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం తెచ్చిన వాల్టా చట్టం ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి, బోరు వేయడం మీద ఆంక్ష ఉంది. తీర్మానం ప్రతికి ఊట కొలతల పట్టిక, సర్వే నంబర్లు గుర్తించిన నక్ష, చరియ అంచు నుంచి కొలిచిన దూరాలు జతచేసి తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకున్నారు. వారం వారం సీసా కొలత మాత్రం ఆపలేదు. అభ్యంతరం వస్తే చూపించడానికి ఆ పట్టికే సాక్ష్యం.